వర్జీనియాలో రెక్‌లెస్ డ్రైవింగ్ టికెట్ పడితే ఏం చేయాలి: రోడ్డు పక్క నుంచి కోర్టు దాకా

సోమవారం వచ్చిందంటే చాలు, ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న ఉంటుంది: "బ్రో, నిన్న ఐ-95 హైవే మీద 88 మైళ్ల స్పీడ్‌కి పట్టుకున్నాడు. పేపర్ మీద రెక్‌లెస్ అని రాశాడు. ఆన్‌లైన్‌లో ఎంత కట్టాలి?" కింద పది జవాబులు. ఒకరు "మా కజిన్‌కి ఏం కాలేదు, లైట్ తీసుకో" అంటారు. ఇంకొకరు "వీసా పోతుంది" అని భయపెడతారు. రెండూ నమ్మకండి. ప్రతిసారీ అదే టైప్ చేయలేక మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను లాయర్‌ని కాదు. ఇది లాయర్ దగ్గరికి వెళ్లేముందు, వెళ్లాక మీరు చేసుకోవాల్సిన పనుల చిట్టా అనుకోండి. మందు తాగి నడిపిన కేసులూ, యాక్సిడెంట్‌లో ఎవరికైనా దెబ్బలు తగిలిన కేసులూ దీని కిందికి రావు. అలాంటివైతే ఇది చదవడం ఆపి నేరుగా లాయర్‌కి ఫోన్ చేయండి.

చట్టం గురించి తెలియాల్సింది కొంచెమే. వర్జీనియా సెక్షన్ 46.2-862 ప్రకారం స్పీడ్ లిమిట్ మీద 20 మైళ్లు, అంతకు మించి పోయినా రెక్‌లెస్ డ్రైవింగే. లిమిట్ ఎంతున్నా సరే, గంటకు 85 మైళ్లు దాటినా రెక్‌లెస్ డ్రైవింగే. 2020 జులై 1కి ముందు ఈ రెండో గీత 80 దగ్గరే ఉండేది. ఇది క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా, ఆరు నెలల దాకా లైసెన్స్ సస్పెన్షన్ ఉండొచ్చు. మామూలు కేసుల్లో అంత దూరం పోదు కానీ, జడ్జి చేతిలో ఆ అధికారం ఉంటుంది.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఆ 85 గీత దగ్గరే. 70 మైళ్ల జోన్‌లో 86కి పోతే లిమిట్ మీద ఎక్కువైంది 16 మైళ్లే. పక్క కార్లు కూడా అలాగే పోతుంటాయి. అయినా అది నేరమే. 86 మైళ్లంటే దాదాపు 138 కిలోమీటర్లు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద పై లిమిట్ 120 కిలోమీటర్లు, అంటే 75 మైళ్లు. టెక్సస్‌లో ఆస్టిన్ పక్కన ఉన్న టోల్ రోడ్డు ఎస్‌హెచ్ 130 మీద కొంత దూరం 85 దాకా చట్టప్రకారమే పోవచ్చు. ఆస్టిన్ నుంచి వర్జీనియాలోని యాష్‌బర్న్‌కి మారినవాళ్లు ఆ కాలు బరువు ఇక్కడికీ తెచ్చుకుంటారు.

ఇంకో అలవాటు కూడా ఇంటి దగ్గర్నుంచే వస్తుంది. మన దగ్గర ఓవర్‌స్పీడ్ అంటే మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ కింద కారుకు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. చలాన్ ఫోన్‌కి వస్తుంది, ప్రభుత్వం ఎప్పుడైనా డిస్కౌంట్ ప్రకటిస్తుందేమో చూద్దామని కొందరు ఆగుతారు కూడా. ఇక్కడ ఆగితే అరెస్ట్ వారెంట్ కూడా రావచ్చు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- పోలీసు ఇచ్చిన సమన్స్ కాగితం. రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. ఆ పసుపు కాగితం వాషింగ్ మెషిన్‌లోకి పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.
- మీ డ్రైవింగ్ రికార్డు. వర్జీనియా లైసెన్స్ అయితే డీఎంవీ (లైసెన్సులిచ్చే శాఖ) సైట్‌లోనే దొరుకుతుంది. న్యూజెర్సీ, నార్త్ కరోలినా లాంటి వేరే రాష్ట్రం లైసెన్స్ అయితే ఆ రాష్ట్రం నుంచి తెప్పించుకోవాలి.
- పాస్‌పోర్టు, వీసా కాగితాల కాపీలు. కోర్టుకి కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌కి.
- డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ రోజు వీడియో. కొత్త రికార్డింగ్ పాతదాన్ని చెరిపేస్తుంది కాబట్టి ఆ రాత్రే కార్డు బయటికి తీయండి.
- కోర్టు రోజు ఆఫీసుకి సెలవు, లాయర్ ఫీజుకి కొంత డబ్బు.

1. కారు ఆపిన ఆ పది నిమిషాలు

నీలం లైట్లు కనబడగానే ఇండికేటర్ వేసి కుడివైపు ఆపండి. కిటికీ దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. కారు దిగకండి. మన దగ్గర పోలీసు ఆపితే దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి నడిచి వెళ్లడమే మర్యాద. ఇక్కడ అలా చేస్తే ఆయన చెయ్యి తుపాకీ మీదికి పోతుంది. గ్లవ్ బాక్స్ తెరిచే ముందు "రిజిస్ట్రేషన్ ఇందులో ఉంది, తీయనా?" అని అడగండి.

"ఎందుకు ఆపానో తెలుసా? ఎంత స్పీడ్‌లో వస్తున్నారో తెలుసా?" అని అడుగుతారు. ఇక్కడే చాలామంది కేసు పోగొట్టుకుంటారు. "సారీ ఆఫీసర్, 90 అయి ఉంటుంది, ఎయిర్‌పోర్టుకి లేటవుతోంది" అంటే అది ఆయన నోట్సులోకి, ఆ తర్వాత కోర్టులోకి వెళుతుంది. అబద్ధం ఆడక్కర్లేదు, వాదించక్కర్లేదు. "దాని గురించి నేనేమీ చెప్పదలచుకోలేదు ఆఫీసర్" అని మర్యాదగా అంటే చాలు. పక్క సీట్లో ఉన్నవాళ్లు కూడా మధ్యలో దూరి "నేను చెబుతూనే ఉన్నాను మెల్లగా పొమ్మని" అనకూడదు. ఇది నవ్వులాటకి రాయలేదు.

సంతకం పెట్టమంటే పెట్టండి. ఆ సంతకం కోర్టుకి వస్తానన్న హామీ, తప్పు ఒప్పుకోవడం కాదు. డబ్బు ఊసు మాత్రం సరదాకి కూడా ఎత్తకండి, లంచం ఇవ్వజూపడం ఇంతకంటే పెద్ద నేరం.

రాడార్ డిటెక్టర్ కారులో ఉంటే అదింకో టికెట్. మొత్తం అమెరికాలో మామూలు కార్లకు కూడా దాన్ని నిషేధించిన రాష్ట్రం వర్జీనియా ఒక్కటే, పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీలో కూడా నిషేధమే. ఫోన్‌లో మ్యాప్ యాప్ చూపించే హెచ్చరికలకు ఇది వర్తించదు.

2. సమన్స్ చదవండి, ముఖ్యంగా ఆ సెక్షన్ నంబర్

కాగితం మీద నేరం పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. మీ కేసు మొత్తం దానిమీదే నడుస్తుంది.

46.2-862 ఉంటే స్పీడ్ వల్ల రెక్‌లెస్. 46.2-852 ఉంటే ప్రమాదకరంగా నడిపారని జనరల్ రెక్‌లెస్, సాధారణంగా యాక్సిడెంట్ తర్వాత ఇది రాస్తారు. 46.2-870 చుట్టుపక్కల అంకెలుంటే మామూలు స్పీడింగ్. అది క్రిమినల్ కేసు కాదు, కోర్టుకి వెళ్లకుండా ముందే కట్టేయొచ్చు. రెక్‌లెస్‌కి ఆ దారి లేదు. ఆన్‌లైన్‌లో "పే" బటన్ కోసం వెతికి వెతికి, సైట్ పాడైందనుకుని ఊరుకున్నవాళ్లు ఉన్నారు. బటన్ లేకపోవడానికి కారణం, మీరు కోర్టుకి రావాల్సి ఉండటమే.

తర్వాత కోర్టు పేరు, తేదీ, సమయం చూడండి. కేసు మీరుండే కౌంటీలో కాదు, మిమ్మల్ని ఆపిన కౌంటీ జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో నడుస్తుంది. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి ఐ-95 మీద ఫ్లోరిడా వెళుతూ, దక్షిణ వర్జీనియాలోని ఎంపోరియా దగ్గర దొరికితే మళ్లీ ఎంపోరియా రావాలి, లేదా అక్కడి లాయర్‌ని పెట్టుకోవాలి. తేదీని ఫోన్ క్యాలెండర్‌లో రెండు రిమైండర్లతో పెట్టండి. తేదీ అమెరికా పద్ధతిలో ఉంటుంది, నెల ముందు, రోజు తర్వాత. 05/06 అంటే మే 6. జూన్ 5 అనుకుని కూర్చుంటే వాయిదా దాటిపోతుంది.

3. ఆ రాత్రే అన్నీ రాసి పెట్టండి

ఏ రోడ్డు, ఏ మైలు మార్కర్ దగ్గర, ఏ లేన్, ట్రాఫిక్ ఎంత, వాన ఉందా, స్పీడ్‌ని దేంతో కొలిచానని ఆఫీసర్ అన్నారు (రాడారా, లేజరా, వెనకాలే వచ్చి తన మీటర్ చూసుకున్నారా), మీరేమన్నారు, ఆయనేమన్నారు. కోర్టు తేదీ వారాల తర్వాత ఉంటుంది, అప్పటికి సగం మర్చిపోతారు. తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు. ఒక చిన్న జాగ్రత్త: ఇది లాయర్‌కి మాత్రమే. గ్రూపులో పెట్టకండి, ఫేస్‌బుక్‌లో పెట్టకండి, స్పీడోమీటర్ ఫోటో అసలే పెట్టకండి.

4. కేసు ఆన్‌లైన్‌లో ఎక్కిందో లేదో చూడండి

కొన్ని రోజుల్లో వర్జీనియా కోర్టుల కేస్ ఇన్ఫర్మేషన్ సైట్‌లో కేసు కనబడుతుంది. ఫ్రీ. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టుల భాగంలో మీ కౌంటీ ఎంచుకుని పేరుతో వెతకాలి. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు.

తెలుగువాళ్లకి చిక్కంతా ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి లైసెన్స్ మీద పేరు బదులు "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని ఉంటుంది. వెంకట సత్య సూర్యనారాయణ లాంటి పేర్లు సగంలో తెగిపోతాయి. ఇంటిపేరు, పేరు తారుమారవుతాయి. ఒకసారి వెతికి "నా కేసు లేదు, ఆఫీసర్ ఫైల్ చేయలేదు" అని పండగ చేసుకోకండి. తిప్పి రాసి వెతకండి, మొదటి కొన్ని అక్షరాలతో వెతకండి, కోర్టు తేదీతో వెతకండి. అప్పటికీ కనబడకపోతే క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేయండి. సైట్‌లో లేకపోయినా సమన్స్ మీద ఉన్న తేదీన మీరు రావాల్సిందే.

5. లాయర్ని ఎంచుకోవడం

వారం తిరక్కుండానే మీ మెయిల్‌బాక్స్ లాయర్ల ఉత్తరాలతో నిండిపోతుంది. ఎవరో మీ వివరాలు లీక్ చేశారని కంగారు పడకండి, కోర్టు రికార్డులు ఎవరైనా చూడొచ్చు. పెద్ద ఎర్ర అక్షరాల్లో "జైలు!" అని రాసిన ఉత్తరం పంపిన ఆయనే మంచి లాయర్ అనుకోనక్కర్లేదు.

వెతకాల్సిన గుణం ఒక్కటే: ఆ కోర్టులో, అదే గదిలో, రోజూ నిలబడే మనిషి. ఫెయిర్‌ఫ్యాక్స్‌లో నడిచే పద్ధతి దక్షిణాన చిన్న కౌంటీలో నడవదు. జడ్జికి ఏది నచ్చుతుందో, ప్రాసిక్యూటర్ ట్రాఫిక్ కేసుల్లో కూర్చుంటారో లేదో, మిమ్మల్ని ఆపిన ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) ఎలాంటివారో స్థానిక లాయర్‌కి తెలుస్తుంది. మొదటి ఫోన్ కాల్‌లో ఇవి అడగండి:

ఈ స్పీడ్‌కి, నా లాంటి రికార్డుకి ఈ కోర్టులో మామూలుగా ఏం జరుగుతుంది? నేను రావాలా, నా బదులు మీరు నిలబడితే సరిపోతుందా? ఫీజు మొత్తం ఒకటేనా, వాయిదా పడితే మళ్లీ కట్టాలా? అప్పీలు అందులోనే ఉందా? మొదటి తేదీన విచారణ జరుగుతుందా, లేక ఊరికే హక్కులు చదివి ఇంకో తేదీ ఇస్తారా?

"గ్యారంటీగా కొట్టేయిస్తా" అన్నవారికి దండం పెట్టి ఇంకొకరికి ఫోన్ చేయండి.

లాయర్ లేకుండా కుదరదా అంటే, కుదురుతుంది. 70 జోన్‌లో 86, 87 లాంటి అంచు కేసు, శుభ్రమైన రికార్డు, ఇంగ్లిష్‌లో తడబడకుండా మాట్లాడగలిగితే కొందరు సొంతంగా వెళ్లి మామూలు స్పీడింగ్‌కి తగ్గించుకుని వస్తారు. 90 దాటినా, పాత టికెట్లున్నా, వీసా మీద ఉన్నా నా సలహా లాయరే. 100 దాటితే ఇక ఆలోచించకండి. ఆ అంకె దగ్గర మొదటిసారి దొరికినా నిజంగా జైలుకి పంపే కోర్టులు వర్జీనియాలో ఉన్నాయి. వాషింగ్టన్ నేషనల్స్ బేస్‌బాల్ ఆటగాడు జేసన్ వర్త్ 2014లో ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో 55 జోన్‌లో 105కి దొరికాడు. అంత పేరు, అంత డబ్బు ఉండి కూడా జైలు శిక్ష తప్పలేదు. 100 మైళ్లు దాటి శిక్ష పడినవాళ్ల కారుకి స్పీడ్‌ని అదుపు చేసే పరికరం పెట్టించేలా 2025లో కొత్త చట్టం కూడా చేశారు.

6. కోర్టుకి ముందే చేసుకోదగ్గ పనులు

*డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లినిక్.* డీఎంవీ గుర్తింపు ఉన్న 8 గంటల క్లాసు. జడ్జి చెప్పకముందే చేసి సర్టిఫికెట్ పట్టుకెళితే చాలా కోర్టుల్లో మంచి మాటగా పనికొస్తుంది. స్వచ్ఛందంగా చేస్తే రికార్డులో 5 సేఫ్ పాయింట్లు కలుస్తాయి, అయితే రెండేళ్లకు ఒకసారే. ఆన్‌లైన్ క్లాసు ఒప్పుకుంటారా, కూర్చుని విన్నదే కావాలా అన్నది కోర్టుని బట్టి మారుతుంది. డబ్బు కట్టే ముందు లాయర్నో క్లర్క్‌నో అడగండి.

*స్పీడోమీటర్ పరీక్ష.* వర్జీనియా చట్టం ప్రకారం మీ స్పీడోమీటర్ సరిగ్గా ఉందా లేదా అన్న పరీక్ష రిపోర్టును, ప్రమాణం చేసి ఇచ్చినదైతే, కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. మీటర్ 82 చూపించినప్పుడు కారు నిజంగా 86లో ఉందని తేలితే, కావాలని పోలేదని చెప్పుకోవడానికి ఆధారం దొరికినట్టే. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించినవాళ్లకి ఇది ముఖ్యం. పెద్ద టైరు ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటర్‌కి ఆ సంగతి తెలియదు, అందుకే తక్కువ చూపిస్తుంది. కానీ చాలా కార్ల మీటర్లు ఫ్యాక్టరీ నుంచే కాస్త ఎక్కువ చూపిస్తాయి. మీ రిపోర్టు అలా వస్తే దాన్ని కోర్టులో బయటికి తీయకండి, లాయర్‌కి చూపించి ఫైల్లో పెట్టుకోండి.

*డ్రైవింగ్ రికార్డు ప్రింట్.* వర్జీనియాలో ఏడాదంతా తప్పు లేకుండా నడిపితే ఒక ప్లస్ పాయింట్, అలా 5 దాకా పోగవుతాయి. ప్లస్ 5 ఉన్న కాగితం మీ తరఫున బాగా మాట్లాడుతుంది. అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లకి చూపించడానికి రికార్డే ఉండదు, వాళ్లకి క్లినిక్ సర్టిఫికెట్ ఇంకా అవసరం.

*ఇంటర్‌ప్రెటర్.* అమ్మానాన్నలెవరైనా విజిట్‌కి వచ్చి నడిపి దొరికినా, మీకే ఇంగ్లిష్‌లో ధైర్యం చాలకపోయినా, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కోర్టే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. కొన్ని వారాల ముందే అడగాలి. ఆ రోజు ఉదయం అడిగితే కేసు వాయిదా పడుతుంది.

7. ఇండియా ట్రిప్ ఉంటే

దీనికి విడిగా ఒక అంకె ఇవ్వడానికి కారణం, ఎక్కువ కేసులు పాడయ్యేది ఇక్కడే. టికెట్లు ఎప్పుడో బుక్ అయిపోయాయి, చెల్లి పెళ్లి, కోర్టు తేదీ సరిగ్గా మధ్యలో పడింది. "తిరిగొచ్చాక చూసుకుందాం" అనుకుంటారు. మీరు రాకపోతే మీరు లేకుండానే దోషి అని తేల్చొచ్చు, లేదా వారెంట్ ఇవ్వొచ్చు. తేదీ మార్చమని ముందుగానే రాతపూర్వకంగా అడగండి, లాయర్ ఉంటే ఆయన అడుగుతారు. ఒప్పుకున్నారో లేదో సైట్‌లో కొత్త తేదీ చూసి ఖాయం చేసుకున్నాకే విమానం ఎక్కండి. "మెయిల్ పంపాను" అంటే తేదీ మారినట్టు కాదు.

వీసా స్టాంపింగ్‌కి వెళుతుంటే ఇంకో మాట. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, ఏ నేరానికైనా శిక్ష పడిందా అనే ప్రశ్న ఉంటుంది. రెక్‌లెస్‌లో దోషిగా తేలితే జవాబు "అవును", కోర్టు కాగితం ఇంటర్వ్యూకి పట్టుకెళ్లాలి. దాచి పెట్టడం అసలు నేరం కంటే పెద్ద తలనొప్పి. గ్రీన్ కార్డ్ ఫారం ఐ-485 ఇంకా విస్తారంగా, సైటేషన్ల గురించి కూడా అడుగుతుంది. ఒక్క స్పీడ్ కేసుతో హెచ్1బీ పోతుందనే భయం మామూలుగా అక్కర్లేదు. కానీ 2025లో చాలామంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దు చేసినప్పుడు వాళ్లలో చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లు కూడా ఉన్నారు, తర్వాత వాటిని తిరిగి పునరుద్ధరించారు. అందుకే ఎఫ్1 మీద ఉన్నవాళ్లు కోర్టులో ఏదైనా ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్క అరగంట మాట్లాడండి. ఒప్పుకున్న తర్వాత మాట్లాడి పెద్దగా ప్రయోజనం లేదు.

8. కోర్టు రోజు

అరగంట ముందు చేరండి. పార్కింగ్, సెక్యూరిటీ లైను అన్నీ సమయం తింటాయి. చాలా కోర్టుల్లో ఫోన్ లోపలికి రానివ్వరు. కాబట్టి సర్టిఫికెట్, రికార్డు, రిపోర్టు అన్నీ కాగితం మీద ఉండాలి, లాయర్ నంబర్ కూడా చీటీ మీద రాసుకోండి. ఉబర్‌లో వచ్చి, ఫోన్ ఎక్కడ పెట్టాలో తెలియక గేటు దగ్గర నిలబడిపోయినవాళ్లుంటారు. ముందు రోజే కోర్టు సైట్‌లో ఫోన్ నియమం చూడండి.

బట్టలు ఇంటర్వ్యూకి వెళ్లినట్టు. గోడ మీద జాబితాలో మీ పేరు, గది నంబర్ చూసుకోండి. పేరు పిలిచే తీరులో మీ పేరు మీకే గుర్తుపట్టడం కష్టం కావచ్చు, చెవులు రిక్కించి కూర్చోండి. పిలవగానే లేచి ముందుకు వెళ్లి, జడ్జిని "యువర్ ఆనర్" అనండి.

నేరం ఒప్పుకుంటారా అని అడుగుతారు. గిల్టీ, నాట్ గిల్టీ, నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను, కానీ వాదించను) అని మూడు జవాబులున్నాయి. ఏది చెప్పాలో లాయర్‌తో ముందే తేల్చుకోండి. లాయర్ లేకపోతే, జడ్జి రాకముందు ట్రూపర్‌తోనో ప్రాసిక్యూటర్‌తోనో మర్యాదగా మాట్లాడే అవకాశం కొన్ని కోర్టుల్లో దొరుకుతుంది. "రికార్డు శుభ్రంగా ఉంది, క్లినిక్ చేశాను, మామూలు స్పీడింగ్‌కి తగ్గించే వీలుందా?" అంతే. బతిమాలకండి, వాదించకండి.

జడ్జి ముందు చెప్పకూడనివి కూడా ఉన్నాయి. "అందరూ అంతే పోతున్నారు." ఇది ఒప్పుకోలు. "కొత్త కారు, స్పీడ్ తెలియలేదు." ఇదీ ఒప్పుకోలే. "టెస్లా ఆటోపైలట్‌లో ఉంది." నవ్వడానికి బాగుంటుంది, బాధ్యత మాత్రం మీదే. అర్జెంటు అని చెబితే ఆస్పత్రి కాగితం చూపించగలగాలి.

గ్రూపుల్లో తిరిగే తప్పుడు నమ్మకాలు

"ట్రూపర్ రాకపోతే కేసు కొట్టేస్తారు." కొన్నిసార్లు అవ్వొచ్చు. తరచుగా మాత్రం ఇంకో తేదీ ఇస్తారు. ఈ ఆశతో లాయర్ని పెట్టుకోకుండా వెళ్లకండి.

"పేరు స్పెల్లింగ్ తప్పుంది, కేసు చెల్లదు." జడ్జి పెన్నుతో దిద్దుతారు, కేసు నడుస్తుంది. మన పేర్లు సరిగ్గా రాసిన టికెట్ దొరకడమే అరుదు, ఆ లెక్కన ఒక్క కేసూ నిలబడకూడదు.

"రాడార్ సర్టిఫికెట్ అడిగితే భయపడతారు." ఇందులో కొంత నిజముంది. వర్జీనియాలో స్పీడ్ కొలిచే పరికరం పరీక్ష ఆరు నెలలకు మించి పాతదైతే చెల్లదు. తేదీ దాటిన, లేదా ఆఫీసర్ తేవడం మర్చిపోయిన సర్టిఫికెట్ల వల్ల పడిపోయే కేసులుంటాయి. కానీ దాన్ని ఎప్పుడు, ఎలా అడగాలన్నది లాయర్ పని. మీరే మొదటి మాటగా అడిగితే గదిలో వాతావరణం చెడుతుంది, సర్టిఫికెట్ మాత్రం ఫైల్లో చక్కగా ఉంటుంది.

"వేరే రాష్ట్రం లైసెన్స్ కాబట్టి ఏం కాదు." రాష్ట్రాలు సమాచారం పంచుకుంటాయి. మీ రాష్ట్రం, మీ ఇన్సూరెన్స్ కంపెనీ రెండింటికీ తెలుస్తుంది.

9. ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

కోర్టు గదిలో చెప్పిన మాట సగం మందికి సరిగ్గా వినబడదు. బయటికి రాగానే క్లర్క్ కిటికీ దగ్గర కాగితం తీసుకోండి. రెండు మూడు రోజుల తర్వాత అదే సైట్‌లో మళ్లీ చూడండి.

తగ్గించారంటే సెక్షన్ 862 బదులు స్పీడింగ్ సెక్షన్ కనబడాలి, "అమెండెడ్" అని ఉండాలి. అలా కాకుండా 862 పక్కన "గిల్టీ" అని ఉంటే కేసు తగ్గలేదు, జరిమానా మాత్రమే తగ్గింది. "వంద డాలర్లతో బయటపడ్డా" అని సంబరపడినవాళ్లలో కొందరికి ఈ తేడా ఉద్యోగం మారేటప్పుడు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తెలుస్తుంది. "నోల్ ప్రాస్" లేదా "డిస్మిస్డ్" అంటే దోషి కాదు. వాటికి రికార్డు తుడిచేయమని విడిగా పిటిషన్ వేసుకునే వీలుంటుంది.

డీఎంవీ రికార్డులో రెక్‌లెస్ అయితే 6 డీమెరిట్ పాయింట్లు, 11 ఏళ్లు కనబడుతుంది. 10 నుంచి 19 మైళ్లు ఎక్కువ అనే స్పీడింగ్‌కి తగ్గితే 4 పాయింట్లు, 5 ఏళ్లు. 9 మైళ్ల లోపుకి తగ్గితే 3 పాయింట్లు, అవీ 5 ఏళ్లే. పాయింట్లు తప్పు జరిగిన రోజు నుంచి రెండేళ్లు లెక్కలో ఉంటాయి. నెల తర్వాత రికార్డు మళ్లీ తీసి కోర్టు కాగితంతో పోల్చండి. తేడా ఉంటే క్లర్క్ ఆఫీసుకే వెళ్లాలి, డీఎంవీ కోర్టు పంపింది రాసుకుంటుంది అంతే.

సర్టిఫైడ్ కాపీలు రెండు తీసి ఇంట్లో పెట్టుకోండి. గ్రీన్ కార్డ్ సమయానికి ఇన్నేళ్ల పాత ఫైలు కోర్టులో వెతికించడం కంటే ఇది చవక.

లైసెన్స్ సస్పెండ్ అయితే ఆఫీసుకి, పిల్లల బడికి నడుపుకోవడానికి పరిమిత లైసెన్స్ ఇమ్మని ఆ రోజే జడ్జిని అడగండి. ఆ కాగితం లేకుండా కోర్టు పార్కింగ్ నుంచి కారు తీయడం కూడా కొత్త నేరమే, ఇంకెవరినైనా వచ్చి నడపమనండి.

10. ఫలితం నచ్చకపోతే

తీర్పు వచ్చిన రోజు నుంచి 10 రోజుల్లోపు సర్క్యూట్ కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. శని, ఆదివారాలు కూడా ఆ పదిలోనే. అక్కడ కేసు మొదటి నుంచి కొత్తగా నడుస్తుంది, కాబట్టి శిక్ష తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. సొంతంగా వెళ్లి దెబ్బతిన్నవాళ్లకి లాయర్‌ని పెట్టుకునే రెండో అవకాశం ఇదే. 11వ రోజు ఫోన్ చేస్తే ఏ లాయరూ పెద్దగా ఏమీ చేయలేరు.

వేరే రాష్ట్రంలో పడితే

పనుల వరస ఇదే, గీతలు మాత్రం మారతాయి. నార్త్ కరోలినాలో 55 దాటిన స్పీడ్‌లో లిమిట్ మీద 15 కంటే ఎక్కువ పోతే లైసెన్స్‌కే ఎసరు. జార్జియాలో ఏ రోడ్డు మీదైనా 85, రెండు లేన్ల రోడ్డు మీద 75 తాకితే "సూపర్ స్పీడర్" అని మామూలు ఫైన్ మీద ఇంకో 200 డాలర్లు. ఆ బిల్లు విడిగా, ఇంటి అడ్రస్‌కి వస్తుంది. ఇల్లు మారినవాళ్లకి అది చేరక లైసెన్స్ సస్పెండ్ అవుతుంది, కాబట్టి అడ్రస్ అప్‌డేట్ చేసుకోండి. ఇల్లినాయ్‌లో 26 మైళ్లు ఎక్కువైతే మిస్‌డిమీనర్, 35 అయితే ఇంకా పై మెట్టు. ఫ్లోరిడాలో 2025 జులై 1 నుంచి ఇతరులకు ప్రమాదం కలిగేలా 100 మైళ్లకు పోయినా, లిమిట్ మీద 50 ఎక్కువ పోయినా మొదటిసారికే 30 రోజుల దాకా జైలు వేయొచ్చు. సమన్స్ చేతికి రాగానే ఏ రాష్ట్రమైనా మొదటి పని మారదు: సెక్షన్ నంబర్ చూసి, అది ఇన్‌ఫ్రాక్షనా (క్రిమినల్ కాని చిన్న తప్పు) మిస్‌డిమీనరా అని తేల్చుకున్నాకే "పే" బటన్ మీద చెయ్యి వేయండి. ఇన్‌ఫ్రాక్షన్ అయినా సరే, డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క.